పాత కారు మిస్ కొడుతుంటే: ఇంజన్ జరం ఉన్నప్పుడే నాడి చూడండి

మా ఇంట్లో 1998 మోడల్ మారుతి 800 ఉంది. మూడు సిలిండర్లు, 796 సీసీ, పెట్రోలునూ గాలినీ కార్బొరేటర్ కలిపే బండి. అది మిస్ కొట్టడం, అంటే ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు మండక ఇంజన్ దెబ్బ తప్పడం, మొదలుపెట్టాక నాలుగు నెలల్లో ప్లగ్గులు మూడుసార్లు, వైర్ల సెట్టు ఒకసారి, ప్లగ్గులకు ఎక్కువ ఓల్టేజీ పుట్టించే కాయిల్ ఒకసారి మార్పించాను. కార్బొరేటర్ రెండుసార్లు విప్పించి కడిగించాను. పొద్దున తీస్తే బ్రహ్మాండంగా నడిచేది. తిరుపతిలో బయల్దేరి చంద్రగిరి, రంగంపేట దాటి, భాకరాపేట ఘాట్ ఎక్కి దిగి ఎక్కడైనా టీ కోసం ఆపితే చాలు, ఐడిలింగ్‌లో బండి మొత్తం గడగడా ఊగేది. తిరిగొచ్చి గ్యారేజీలో వదిలేస్తే, మన వంతు వచ్చేసరికి చల్లారిపోయి మళ్లీ బుద్ధిగా నడిచేది. అందరూ చల్లారిన ఇంజన్నే చూశారు. అందరికీ అన్నీ బాగానే కనిపించాయి.

చివరికి చంద్రగిరిలో ఒక ముసలి మెకానిక్ అన్నాడు: "జరం ఉన్నప్పుడు కదా నాయనా నాడి చూడాల! దిగిపోయినాక చూస్తే ఏం తెలుస్తాది?"

ఆ ఒక్క మాటతో నాలుగు నెలల చిక్కు ఒక మధ్యాహ్నంలో విడిపోయింది. ఆయన దగ్గర చూసింది, ఆ తర్వాత నా బండి మీదా స్నేహితుల బళ్ల మీదా చేస్తూ నేర్చుకుంది మీకోసం వరుసగా రాస్తున్నాను. సామాను కొనే ముందు ఈ వరుసలో వెళ్లండి. ఇందులో ఎక్కువ పనికి ప్లగ్గు పానా, ఒక పాత ప్లగ్గు, టార్చి, తడిగుడ్డ చాలు.

ముందు నోటుబుక్కు, తర్వాత పానా

వారం రోజులు బండి నడుపుతూ, మిస్ కొట్టిన ప్రతిసారీ నాలుగు విషయాలు రాసుకోండి: ఇంజన్ చల్లగా ఉందా వేడిగా ఉందా, ఎండా వానా, నిలబడి ఉందా ఎక్కుతోందా, యాక్సిలేటర్ తొక్కితే సర్దుకుందా ముదిరిందా. ఈ పని విసుగనిపిస్తుంది కానీ సగం రోగం ఇక్కడే తేలిపోతుంది.

తిరుపతి చుట్టుపక్కల వానలు బలంగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో. 2021 నవంబరులో ఊరు ఊరంతా నీళ్లలో నిలబడిన రోజులు మనకు గుర్తే. ఆ నెలల్లో మాత్రమే మిస్ కొట్టి, ఎండ రాగానే మానేసే బండికి పెట్రోలుతో పనిలేదు. ప్లగ్గు వైర్లలోనో, డెల్కో (కాయిల్ కరెంటును వంతులవారీగా ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్) మూతలోనో సన్నని పగులు ఉంటుంది. తేమ పట్టగానే ప్లగ్గుకు పోవాల్సిన కరెంటు ఆ పగులు గుండా ఇంజన్ బాడీకి దిగిపోతుంది.

మే నెల మధ్యాహ్నం లీలామహల్ సెంటర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని పది నిమిషాలయ్యాక మిస్ కొట్టి, ఆగిపోయి, అరగంట తర్వాత ఏమీ ఎరగనట్టు స్టార్టయితే రెండు అనుమానాలు. ఒకటి, బానెట్ కింది వేడికి పైపులో పెట్రోలు ఆవిరై పంపు దాన్ని లాగలేకపోవడం. రెండు, కాయిల్ వేడెక్కి లోపలి చుట్టలో కరెంటు తెగిపోవడం. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. విడదీసే ఉపాయం కింద చెబుతాను.

సమతలం మీద బాగుండి, ఘాట్ ఎక్కేటప్పుడో, నలుగురిని ఎక్కించుకుని శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ మీదికి మళ్లేటప్పుడో జర్క్ కొడితే కరెంటు బలహీనంగా ఉందనో, పెట్రోలు చాలడం లేదనో అనుకోవాలి. యాక్సిలేటర్ బాగా తొక్కినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ ఓల్టేజీ కావాలి. బలహీనమైన కాయిల్, అరిగిన ప్లగ్గు, చిట్లిన వైరు అక్కడ చేతులెత్తేస్తాయి.

దీనికి పూర్తిగా తలకిందులుగా, వేడెక్కాక ఐడిలింగ్‌లో మిస్ కొట్టి, రేస్ ఇవ్వగానే సర్దుకుంటే? ఎక్కడో గాలి దొంగదారిన లోపలికి పోతోంది, లేదా సిలిండర్‌లోకి గాలిని, బయటికి పొగను వదిలే వాల్వుల్లో ఏదో పూర్తిగా మూసుకోవడం లేదు. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు కారిపోవడానికి సమయం దొరుకుతుంది, వేగంలో దొరకదు. నా బండిది ఇదే. నోటుబుక్కు రాసి ఉంటే మొదటి వారంలోనే తెలిసేది.

ఇంకొక్క మాట. ఊగేదల్లా మిస్సింగ్ కాదు. ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు చచ్చినా బండి ఊగుతుంది. సైలెన్సర్ చివర అరచేయి కాస్త దూరంగా పెట్టి చూడండి. పొగ లయగా తగులుతూ మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పుతుంటే అది నిజమైన మిస్సింగే.

ఏ సిలిండర్ చచ్చిందో తేల్చండి

ఇది దాటేసి ఎవరు ఏ సామాను మార్చమన్నా ఒప్పుకోకండి.

ఇంజన్ నడుస్తుండగా ప్లగ్గు వైరు చేత్తో పీకే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. అందులో వేల ఓల్టుల కరెంటు ఉంటుంది, అలా పీకొద్దు. వైరు గాల్లో వేలాడితే కాయిల్, ఇగ్నీషన్ మాడ్యూల్ కూడా దెబ్బతినొచ్చు. ఇలా చేయండి. ముందుగా వైర్లకు తెల్ల టేపు చుట్టి 1, 2, 3 అని రాసుకోండి. బండిని నడిపి, అది మిస్ కొట్టే స్థితికి తెచ్చి, అక్కడే ఆపండి. ఇంజన్ ఆర్పి, మందపాటి గుడ్డతో మొదటి వైరు తీసి, దానికి పాత ప్లగ్గు తగిలించి, ఆ ప్లగ్గు ఇనుప భాగం ఇంజన్‌కు గట్టిగా ఆనేలా వైరుతో కట్టండి. ఇప్పుడు స్టార్ట్ చేసి వినండి. మళ్లీ ఆర్పి, ఆ వైరు యథాస్థానంలో పెట్టి, రెండోది తీయండి.

బాగున్న సిలిండర్ వైరు తీస్తే ఇంజన్ ఇంకా కుంటుతుంది, ఆగిపోవచ్చు కూడా. చచ్చిన సిలిండర్ వైరు తీస్తే ఏ మార్పూ ఉండదు. మూడు సిలిండర్ల బండిలో ఈ తేడా చెవికి స్పష్టంగా వినిపిస్తుంది. నా బండిలో చల్లగా ఉన్నప్పుడు మూడూ సమానంగా పలికాయి, అందుకే అందరూ కార్బొరేటర్ మీద పడ్డారు. వేడి మీద చేస్తే రెండోది పలకలేదు.

పొద్దున స్టార్ట్ చేసిన దగ్గర్నుంచీ ఆగకుండా మిస్ కొట్టే బండి అయితే ఇంకా తేలిక. చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసి, నిమిషం లోపల ఎగ్జాస్ట్ పైపు ఇంజన్‌ను వదిలే చోట ఒక్కో సిలిండర్ దగ్గర ఒక్క నీటిచుక్క వేయండి. చుయ్యిమనని చోట సిలిండర్ మండడం లేదు.

ఒకే సిలిండర్ అని తేలితే ఆ సిలిండర్‌కు మాత్రమే చెందిన వాటిని చూడాలి: దాని ప్లగ్గు, దాని వైరు, డెల్కో మూతలో దాని కొన, దాని వాల్వులు, పిస్టన్ రింగులు. ఒకసారి ఇది, ఒకసారి అది అన్నట్టు అన్నీ తడబడుతుంటే అందరికీ ఉమ్మడిగా ఉండేవాటిని చూడాలి: కాయిల్, డెల్కో లోపల తిరిగే రోటర్, పెట్రోలు, గాలి.

కరెంటు: కొనకముందు తారుమారు చేసి చూడండి

రెండో సిలిండర్ ప్లగ్గు తీసి మూడోదాంట్లో, మూడోది రెండోదాంట్లో పెట్టండి. రోగం మూడోదానికి పాకితే ప్లగ్గుదే తప్పు. పాకకపోతే ప్లగ్గు నిర్దోషి, ఆ ఖర్చు మిగిలింది. వైర్లకూ ఇదే పని, పొడవు సరిపోయినంత వరకు. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ప్లగ్గు, వైరు రెండూ ఒకేసారి మార్చితే బాగైనా ఎందుకు బాగైందో తెలియదు, వారానికి మళ్లీ మొదలైతే మళ్లీ మొదటికే వస్తారు.

ప్లగ్గు చేతిలో ఉండగా దాని మొహం చదవండి. కొన లేత గోధుమరంగులో ఉంటే ఆ సిలిండర్ బాగా మండుతోంది. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువైంది. నూనె జిడ్డు ఉంటే రింగుల నుంచో, వాల్వు సీళ్ల నుంచో ఆయిలు దిగుతోంది. పెట్రోలు తడితో వాసన కొడితే పెట్రోలు వచ్చింది కానీ మండలేదు. సున్నం కొట్టినట్టు తెల్లబడితే పెట్రోలు చాలక, గాలి ఎక్కువై కాలుతోంది. తెల్ల పింగాణీ మీద పెన్సిల్ గీతలాంటి నల్లచార కనబడితే కరెంటు బయట నుంచే జారిపోతోందని అర్థం, ఆ ప్లగ్గు పారేయండి. గ్యాప్ ఫీలర్ గేజ్‌తో చూడండి. ఇలాంటి పాత కార్బొరేటర్ బళ్లలో చాలావాటికి 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉంటుంది, మీ బండి పుస్తకంలో ఎంతుంటే అంతే పెట్టండి.

వైర్ల పరీక్ష రాత్రిపూట చేయాలి. వీధిదీపం వెలుగు పడని చోట బండి పెట్టి, బానెట్ ఎత్తి, ఇంజన్ నడుపుతూ సన్నగా నీళ్లు చల్లే స్ప్రే సీసాతో వైర్ల మీద, డెల్కో మూత మీద తుంపర వేయండి. పగులు ఉంటే నీలిరంగు మెరుపులు చిటపటమంటూ కళ్లెదుటే కనిపిస్తాయి. చూడడమే, చేయి పెట్టొద్దు. పెట్రోలు వాసన వస్తుంటే మాత్రం ఈ పరీక్ష చేయనే కూడదు, ముందు ఆ కారడం ఆపండి.

డెల్కో మూత విప్పి లోపల చూడండి. కొనల మధ్య చెట్టువేరులా పాకిన సన్నని నల్లగీత ఉంటే మూత పోయినట్టే. దాన్ని గీకి వాడితే నాలుగు రోజులే. మధ్యలోని బొగ్గు బుడిపె స్ప్రింగుతో ఆడుతోందో లేదో వేలితో నొక్కండి. రోటర్ ఇత్తడి కొన కాలి అరిగితే ఎమరీ కాగితంతో రుద్దుకుంటూ కూర్చోక మార్చేయండి.

ఇక ఎండలో ఆగిపోయే బండి. ఆగిన వెంటనే, చల్లారనివ్వకుండా, పాత ప్లగ్గు పెట్టి సెల్ఫ్ కొట్టించి కరెంటు వస్తోందా చూడండి. నీలంగా, టక్‌మని శబ్దంతో దూకితే మంచిది. పసుపుగా, నీరసంగా ఉన్నా, అసలు రాకపోయినా, కాయిల్ మీద తడిగుడ్డ వేసి రెండు మూడు నిమిషాలు ఆగండి. అప్పుడు వస్తే కాయిలే. కరెంటు బాగానే ఉందా? అప్పుడు తడిగుడ్డ పెట్రోలు పంపు మీద, దాని పైపు మీద వేయండి. దానికి స్టార్టయితే ఆవిరి పట్టిన రోగం. చాలామంది రెండింటి మీదా ఒకేసారి నీళ్లు కుమ్మరిస్తారు. బండి కదులుతుంది, కారణం మాత్రం తెలియదు.

పెట్రోలూ గాలీ: చోక్ లాగి అడగండి

కార్బొరేటర్ బండిలో చోక్ (గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచే మీట) అంత మంచి పరీక్ష పరికరం ఇంకోటి లేదు, పైసా ఖర్చు లేదు. వేడి ఇంజన్ మిస్ కొడుతున్నప్పుడు చోక్ కొద్దిగా లాగండి. సర్దుకుంటే పెట్రోలు తక్కువో గాలి ఎక్కువో అయింది: కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం (జెట్) మూసుకుపోవడం, పెట్రోలు ఫిల్టర్ నిండిపోవడం, కార్బొరేటర్ కింది గ్యాస్కెట్ చిట్లడం, బ్రేకు బూస్టర్ ఉన్న బండికి దాని పైపు పగలడం. ఇంకా ముదిరితే పెట్రోలే ఎక్కువవుతోంది: కార్బొరేటర్‌లో పెట్రోలు మట్టాన్ని ఆపే ఫ్లోటు పనిచేయక పొంగడం, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోవడం. ఏ మార్పూ లేకపోతే ఇక్కడ కాలం వృథా చేయక ముందుకు నడవండి.

గాలి లోపలికి పోయే చోటు కనిపెట్టడానికి రెండడుగుల సన్న రబ్బరు గొట్టం ఒక కొన చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొన గ్యాస్కెట్ల వెంట, పైపుల వెంట తిప్పండి. ఫ్యాన్‌కు, బెల్టుకు దూరంగా. సుయ్‌మనే చోట తేడా వినిపిస్తుంది. వేడి ఇంజన్ మీద క్లీనర్ స్ప్రే కొట్టి చూసే పద్ధతి ఉంది. అది మండే సరుకు కాబట్టి నేను చెప్పను.

రబ్బరు పైపుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకుల్లోకి వచ్చింది. మన పాత బళ్ల పైపులు, డయాఫ్రమ్‌లు, గ్యాస్కెట్లు దాన్ని ఊహించి చేసినవి కావు. ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది కూడా. బండిని నెలల తరబడి నిలబెట్టేవాళ్లు పంపు నుంచి కార్బొరేటర్ దాకా ఉన్న పైపులను వంచి చూడండి. మెత్తబడి ఉబ్బినా, వంచితే పగుళ్లు కనిపించినా, మిస్సింగ్ సంగతి తర్వాత, ముందు మంట అంటుకునే ప్రమాదం. వెంటనే మార్చండి.

కంప్రెషన్: తప్పకుండా వేడి మీద

నా బండి రోగం ఇక్కడే దొరికింది. అంతకుముందు ఒక గ్యారేజీలో గేజ్ పెట్టి చూసి కంప్రెషన్ (పిస్టన్ నొక్కినప్పుడు సిలిండర్‌లో వచ్చే ఒత్తిడి) మూడింటికీ సమానంగా ఉందని చెప్పారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, రాత్రంతా చల్లారిన ఇంజన్‌కు పొద్దున పెట్టారు, అంతే.

చల్లగా ఉన్నప్పుడే ప్లగ్గులు ఒకసారి విప్పి, చుట్టూ దుమ్ము ఊది, మళ్లీ బిగించుకోండి. అల్యూమినియం హెడ్‌లో వేడిమీద మొండిగా విప్పితే మరలు ఊడివస్తాయి. తర్వాత బండిని అరగంట నడిపి తెచ్చి, ప్లగ్గులన్నీ తీసి, కరెంటు రాకుండా కాయిల్ సన్నవైరు ఊడదీసి, యాక్సిలేటర్ పూర్తిగా తొక్కిపట్టి, ఒక్కో సిలిండర్‌కు గేజ్ పెట్టి ఐదారు దెబ్బలు సెల్ఫ్ కొట్టించండి. ఆరోగ్యంగా ఉన్న పెట్రోలు ఇంజన్ సుమారు 150 పి.ఎస్.ఐ. (ఒత్తిడి కొలత) చూపిస్తుంది. అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. 10-15 శాతం దాటితే అనుమానించాలి. నా బండిలో ఒకటీ మూడూ 150 దగ్గర నిలబడితే రెండోది 90 దాటలేదు.

తక్కువున్న సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టించండి. అంకె పైకి లేస్తే రింగులు అరిగాయి. లేవకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే గ్యాస్కెట్ మీదే గట్టి అనుమానం.

ఆ పెద్దాయన ఇంకో పని చేశాడు, నాకు అదే బాగా నచ్చింది. పాత ప్లగ్గు పింగాణీ పగలగొట్టి, ఖాళీ ఇనుప గుల్లకు గాలి గొట్టం వెల్డింగ్ చేయించి పెట్టుకున్నాడు. పక్క పంక్చర్ షాపు కంప్రెసర్ నుంచి దానికి గాలి. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి, క్రాంక్ పుల్లీని పానాతో చేత్తో తిప్పుతుంటే గాలి వేలిని తోసే దెబ్బ కంప్రెషన్ దెబ్బ. అప్పుడు పిస్టన్ పైకి వచ్చేదాకా తిప్పి, పానా తీసేసి, టాప్ గేరు వేసి, హ్యాండ్‌బ్రేకు లాగి, చక్రాలకు రాళ్లు పెట్టి, 40-50 పి.ఎస్.ఐ. గాలి వదిలాడు. గాలి పిస్టన్‌ను తోసి ఇంజన్ తిరగొచ్చు కాబట్టి ఆ సమయంలో ఎవరి చేయీ ఫ్యాన్ దగ్గర, పుల్లీ దగ్గర ఉండకూడదు. గాలి సైలెన్సర్‌లో సుయ్‌మంటే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బొరేటర్‌లో అంటే ఇన్లెట్ వాల్వు, ఆయిలు పోసే మూత దగ్గర అంటే రింగులు. రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్. వేడి తగ్గేదాకా రేడియేటర్ మూత మాత్రం పట్టుకోకండి. "ఇటురా, ఇను" అని నన్ను బండి వెనక్కి పిలిచాడు. సైలెన్సర్ గొట్టంలో పాము బుసకొట్టినట్టు వినిపించింది.

టాపెట్ శబ్దం మాపించుకోకండి

ఎగ్జాస్ట్ వాల్వు ఎందుకు మూసుకోలేదంటే దానికీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన సందు, అంటే టాపెట్ గ్యాప్, లేదు. అంతకు ఏడాది ముందు టాపెట్లు కటకటలాడుతున్నాయని నేనే ఒకచోట చెప్పాను. శబ్దం పోయేలా బిగించి ఇచ్చారు. బండి మెత్తగా నడుస్తోందని నేనూ సంతోషించాను. వాల్వు వేడెక్కితే పొడవు సాగుతుంది, ఆ సాగడానికే గ్యాప్. అది లేకపోతే చల్లగా ఉన్నప్పుడు వాల్వు మూసుకుంటుంది. వేడెక్కాక వెంట్రుకవాసి తెరుచుకునే ఉంటుంది. మండే గాలి ఆ సందులోంచి తోసుకుపోతూ వాల్వు అంచును, సీటును కాల్చేస్తుంది. కొన్నాళ్లకు హెడ్ దింపక తప్పదు.

కాబట్టి వాల్వు కారుతోందని తేలితే హెడ్ విప్పమనే ముందు టాపెట్ గ్యాప్ కొలిపించండి. బండి పుస్తకంలో చల్లగా అని ఇస్తే చల్లగా, వేడిగా అని ఇస్తే వేడిగా, ఇన్లెట్‌కు వేరు, ఎగ్జాస్ట్‌కు వేరు. ఫీలర్ గేజ్ రేకు కాస్త పట్టుతో జారాలి. చెవితో చేసే సెట్టింగ్ ఒప్పుకోకండి. కొంచెం కటకట ఉండటం ఈ ఇంజన్లకు ఆరోగ్యమే. గ్యాప్ సరిచేశాక కూడా వేడి మీద కంప్రెషన్ లేవకపోతే అప్పుడు హెడ్ దించడం న్యాయం. నా అదృష్టం, వాల్వు ఇంకా కాలలేదు, గ్యాప్ సరిచేస్తే సరిపోయింది.

ఇంజెక్షన్ బళ్లకు

2000 తర్వాతి ఇంజెక్షన్ బళ్లలో (కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లు పెట్రోలు చల్లేవి) డెల్కో లేకపోవచ్చు. నాలుగు సిలిండర్లకు రెండు కాయిళ్లు ఉన్న బండిలో సాధారణంగా ఒకటి 1, 4కూ, రెండోది 2, 3కూ కరెంటు ఇస్తుంది. ఆ జంట కలిసి చస్తే కాయిల్‌నే పట్టుకోండి. లోపాల కోడ్ చదివే స్కానర్ ఒప్పుకునే బండైతే పి 0301 అంటే ఒకటో సిలిండర్, పి 0302 అంటే రెండోది, పి 0300 అంటే ఎక్కడని చెప్పలేని మిస్సింగ్. కోడ్ చిరునామా చెబుతుంది, కారణం చెప్పదు. పైన చెప్పిన తారుమారు పద్ధతి ఇంజెక్టర్లకూ, విడివిడి కాయిళ్లకూ పనికొస్తుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే భాగం) ఉన్న బండిని మిస్ కొడుతుండగా దూరాలు నడపొద్దు. మండని పెట్రోలు అందులోకి పోయి మండితే అది ఎర్రగా కాలి పాడవుతుంది, దాని ధర ముందు ఈ రిపేర్లన్నీ చిల్లరే.

బాగైందని ఎప్పుడు నమ్మాలి

గ్యారేజీ గేటు దగ్గర రేస్ ఇచ్చి చూపిస్తే నమ్మకండి. మీ నోటుబుక్కులో రాసుకున్న అదే పరిస్థితికి బండిని మళ్లీ తీసుకెళ్లండి. వానలో కొట్టేది అయితే తుంపరతో తడపండి. లోడు మీద కొట్టేది అయితే అంతే మందితో చిత్తూరు నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కించండి. నేను అదే మధ్యాహ్నపు ఎండలో భాకరాపేట ఘాట్ ఎక్కి దిగి, అదే టీ కొట్టు ముందు ఆపి, ఇంజన్ ఆర్పకుండా టీ తాగాను. మూడు సిలిండర్లూ లయ తప్పలేదు. మర్నాడు రెండో సిలిండర్ ప్లగ్గు తీసి చూస్తే కొన లేత గోధుమరంగుకు తిరిగింది.